రెండు కప్పుల మధ్య రోజులు

మైదానంలో ఆడవాళ్లు: పదకొండో భాగం

2010 డిసెంబరులో బంగ్లాదేశ్ సముద్రతీరాన ఉన్న కాక్స్ బజార్‌లో భారత్, భూటాన్ అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడారు. ఫలితం 18-0. 90 నిమిషాల ఆటలో సగటున ఐదు నిమిషాలకో గోల్. పద్నాలుగేళ్ల తర్వాత, 2024లో, అదే పోటీలో అదే భూటాన్ జట్టు మాల్దీవుల మీద 13 గోల్స్ కొట్టింది, ఆతిథ్య నేపాల్‌ను ఒక్క గోల్ కూడా కొట్టనివ్వకుండా ఆపింది, సెమీఫైనల్ దాకా వచ్చింది. ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసింది కూడా భూటాన్ అమ్మాయి దేకీ లాజోమే.

దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే సాఫ్, నడిపే మహిళల ఛాంపియన్‌షిప్ చరిత్ర ఈ రెండు ఫలితాల మధ్య ఉంది. 2024 దాకా ఏడుసార్లు జరిగింది. మొదటి ఐదు కప్పులూ మనవే. చివరి రెండూ బంగ్లాదేశ్‌వి. ఆ ఏడింటిలో ఆరు ఫైనల్స్ ఆడి ఆరూ ఓడిన జట్టు నేపాల్. ఎవరు గెలిచారో చెప్పడానికి ఈ మూడు వాక్యాలు చాలు. ఎందుకు గెలిచారో తెలియాలంటే మాత్రం కప్పు జరిగిన పది పన్నెండు రోజులను వదిలి, ఒక కప్పుకీ మరో కప్పుకీ మధ్య గడిచిన రెండు మూడేళ్లలోకి వెళ్లాలి. ఈ భాగం ఆ మధ్య రోజుల గురించి.

గత భాగంలో 1980 దగ్గర ఆగాం. కోళిక్కోడ్‌లో జరిగిన ఆసియా మహిళల పోటీలో మన దేశపు జట్టు ఫైనల్ చేరి తైవాన్ చేతిలో ఓడింది. 1983లో బ్యాంకాక్‌లోనూ మనది రెండో స్థానమే. ఆ తరంలో ఆడిన శాంతి మల్లిక్ అర్జున అవార్డు అందుకున్న మొదటి మహిళా ఫుట్‌బాలర్. అలా మొదలైన జట్టు తర్వాతి పాతికేళ్లలో ఎంతగా వెనకబడిందంటే, 18 నెలలకు పైగా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడనందువల్ల 2009లో ఫిఫా ర్యాంకుల పట్టిక నుంచి భారత మహిళల పేరే తీసేశారు. ఓడి దిగజారడం వేరు. ఆడించేవాళ్లు లేక పట్టికలోంచి మాయమవడం వేరు. ఆ రోజుల్లో మణిపూర్‌లో, ఒడిశాలో, బెంగాల్‌లో ఆడపిల్లలు రోజూ సాధన చేస్తూనే ఉన్నారు. వాళ్లకు కరువైనది మ్యాచ్.

మగవాళ్లకు దక్షిణాసియా పోటీ 1993లో లాహోర్‌లోనే మొదలైంది. ఆడవాళ్లు మరో 17 ఏళ్లు ఎదురుచూశారు. 2010 మొదట్లో ఢాకాలో జరిగిన దక్షిణాసియా క్రీడల్లో మహిళల ఫుట్‌బాల్‌ను తొలిసారి చేర్చారు. ఆ ఏడాది చివర్లో కాక్స్ బజార్‌లో మొదటి సాఫ్ మహిళల కప్పు జరిగింది. ఎనిమిది దేశాలు వచ్చాయి. అఫ్ఘానిస్తాన్ కూడా వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఆ టోర్నీ ఫైనల్లో భారత్, నేపాల్ తలపడ్డాయి. గ్రూపు దశలో ఒక్క మ్యాచ్‌లోనే 18 గోల్స్ కొట్టిన జట్టుకు నేపాల్ మీద దక్కింది ఒకే ఒక్క గోల్. ఆ గోల్ కొట్టింది ఒడిశాలోని కేంద్రపడా నుంచి వచ్చిన సస్మితా మల్లిక్. అంటే మొదటి కప్పులోనే రెండు జట్లు ఒక మెట్టు మీద, మిగతా ఆరు చాలా కింద ఉన్నాయి. 2012లో కొలంబోలోనూ ఫైనల్లో మళ్లీ వాళ్లే: భారత్ 3, నేపాల్ 1. 2014లో ఇస్లామాబాద్‌లోనూ మళ్లీ వాళ్లే: ఈసారి 6-0. మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం చేస్తున్న బాలాదేవి ఆ ఒక్క టోర్నీలో 16 గోల్స్ చేసింది. మన జట్టుకు వెన్నెముకగా నిలిచింది ఒయినం బెంబెం దేవి. పదిహేనేళ్ల వయసులోనే దేశం జెర్సీ వేసుకుని, ఇరవై ఏళ్లపాటు మధ్య మైదానాన్ని మోసిన మనిషి. 2016లో షిల్లాంగ్ దక్షిణాసియా క్రీడల స్వర్ణంతో ఆట నుంచి తప్పుకుంది. తర్వాత అర్జున, 2020లో పద్మశ్రీ వచ్చాయి. మన భాషలో ఆమె గురించి ఒక పుస్తకం రావాలని నాకు గట్టి కోరిక.

ఈ విజయాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక సంగతి చెప్పక తప్పదు. సాఫ్ కప్పు దగ్గరపడుతుండగా శిబిరం పెట్టడం, కప్పు గెలవగానే అందరినీ ఇళ్లకు పంపడం మనకు అలవాటైపోయింది. పోలీసులోనో రైల్వేలోనో కొలువున్నవాళ్లు ఆ జట్ల తరఫున ఆడుకునేవారు. లేనివాళ్లకు జాతీయ పోటీలు తప్ప మరో వేదిక లేదు. దేశవ్యాప్త మహిళల లీగ్ మొదలవడానికి 2017 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా మొదటి ఏడాది కొద్ది వారాల్లో ముగిసిపోయింది. అప్పటికి మనం నాలుగు కప్పులు గెలిచేశాం. గెలుస్తున్న జట్టుకు అత్యవసరంగా ఏదో చేయాలని ఎవరికీ అనిపించలేదు. నా దృష్టిలో ఆ ఐదు కప్పులు మన ఆడపిల్లలకు గౌరవం తెచ్చాయి, మన నిర్వాహకులకు మాత్రం పని తగ్గించాయి.

సరిగ్గా ఆ ఏళ్లలోనే బంగ్లాదేశ్ పల్లెల్లో వేరే పని జరుగుతోంది.

బంగ్లాదేశ్‌లో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కు దారి సాఫీగా దొరకలేదు. 2000ల మొదట్లో ఢాకాలో మహిళల పోటీ పెడితే మతసంస్థలు వీధుల్లోకి వచ్చి అడ్డుకున్నాయి. దేశానికి మహిళల జట్టు తయారై మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 2010లోనే. కాక్స్ బజార్‌లో మన చేతిలో 6-0తో ఓడింది. 2012లో గ్రూపు దశ కూడా దాటలేదు. అయితే ఈ రెండు కప్పుల మధ్య, 2011లో, ఆ దేశ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల బాలికలకు ఒక ఫుట్‌బాల్ పోటీ మొదలుపెట్టింది. ముజిబుర్ రహ్మాన్ భార్య ఫజిలతున్నీసా పేరిట పెట్టిన ఆ పోటీ యూనియన్ స్థాయిలో మొదలై ఉపజిల్లాకు, జిల్లాకు, డివిజన్‌కు, చివరికి ఢాకాకు చేరుతుంది. పదేళ్ల పిల్ల తన ఊరి బడి తరఫున ఆడుతూ ఆడుతూ రాజధాని స్టేడియం దాకా వెళ్లే దారి అది. దేశమంతా ప్రతి సర్కారు బడికీ ఆ దారి తెరిచి ఉంది.

ఆ దారిలో ముందుగా నడిచిన ఊరు కల్సిందూర్. మైమెన్‌సింగ్ జిల్లా ధోబౌరా ఉపజిల్లాలో, మేఘాలయ సరిహద్దున, గారో కొండల కింద ఉన్న పల్లె. ఆ ఊరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల బాలికలు 2013 నుంచి వరుసగా మూడేళ్లు దేశ విజేతలయ్యారు. వ్యవసాయ కూలీల బిడ్డలు, చిన్న రైతుల బిడ్డలు. ముస్లిం పిల్లలూ గారో తెగ పిల్లలూ ఒకే జట్టులో ఆడారు. మారియా మాండా, సంజీదా అఖ్తర్, తహురా ఖాతూన్, శంసున్నహార్ అనే పేరున్న ఇద్దరు అమ్మాయిలు... ఒక్క బడి నుంచి ఇంతమంది జాతీయ జట్టుకు వచ్చారు. ఒకే పేరు కావడంతో స్కోరు పట్టికల్లో వాళ్లను పెద్ద శంసున్నహార్, చిన్న శంసున్నహార్ అని రాయాల్సి వస్తుంది. ఊరికి కరెంటు రావడానికి కూడా ఆ పిల్లల ఆటే కారణమైంది.

కల్సిందూర్ ఒక్కటే కాదు. చిట్టగాంగ్ కొండల్లోని రంగమాటి, ఖాగ్రాఛడి జిల్లాల నుంచి చక్మా, మర్మ పిల్లలు వచ్చారు. నైరుతి మూలన సుందరవనాల వైపు ఉన్న సాత్‌ఖీరా నుంచి సబీనా ఖాతూన్, టాంగాయిల్ నుంచి కృష్ణా రాణి సర్కార్ వచ్చారు. బంగ్లాదేశ్ ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్లను ఢాకా మోతీఝీల్‌లోని తన భవనంలోనే ఉంచి, ఏడాది పొడుగునా సాధన చేయించడం మొదలుపెట్టింది. కోచ్ గులాం రబ్బానీ ఛోటన్. తెల్లవారకముందే లేపి మైదానానికి తీసుకెళ్లడం, తిరిగొచ్చాక చదువు, మళ్లీ సాయంత్రం ఆట. ఇళ్లకు వెళ్లేది పండక్కో పబ్బానికో. ఆ జీవితంలో కష్టం తక్కువేమీ కాదు, ఇరుకు గదుల్లో కౌమారమంతా గడిచిపోయింది. కానీ రెండు కప్పుల మధ్య ఖాళీగా ఉండే రోజులను పనిదినాలుగా మార్చిన మొదటి దక్షిణాసియా జట్టు అదే.

ఫలితాలు ముందుగా చిన్న వయసు జట్లలో కనిపించాయి. 2015 ఏప్రిల్‌లో కాఠ్మాండులో 14 ఏళ్లలోపు బాలికల ప్రాంతీయ పోటీ ఫైనల్ ఆడాల్సి ఉండగా భూకంపం వచ్చింది. పిల్లలు క్షేమంగా ఇంటికి చేరారు. అదే ఏడాది డిసెంబరులో వెనక్కి వెళ్లి ఆ ఫైనల్ ఆడి, నేపాల్‌ను 1-0తో ఓడించి కప్పు తెచ్చారు. 2016లో 16 ఏళ్లలోపు జట్టు ఢాకాలో ఆసియా అర్హత పోటీలు గెలిచింది. ఆ గెలుపు తర్వాత జరిగినది బంగ్లాదేశ్ ఇంకా మరిచిపోలేదు. కల్సిందూర్ పిల్లలను పెద్దలెవరూ తోడు లేకుండా మామూలు సర్వీసు బస్సెక్కించి ఇంటికి పంపారు. దారి పొడుగునా తోటి ప్రయాణికులు వాళ్లను ఎగతాళి చేశారు, వెకిలి మాటలన్నారు. విషయం పత్రికలకెక్కి దేశమంతా మండిపడింది. దేశానికి కప్పు తెచ్చిన పిల్లలకు ఒక వాహనం ఏర్పాటు చేయలేకపోయారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లు లేరు.

ఆ 2016 డిసెంబరులోనే సిలిగురిలో నాలుగో సాఫ్ కప్పు. కాంచనజంగా స్టేడియం. గ్రూపు మ్యాచ్‌లో బంగ్లాదేశ్ మనల్ని 0-0తో నిలువరించింది. ఆరేళ్ల కిందట 6-0తో ఓడిన జట్టు! సబీనా అఫ్ఘానిస్తాన్ మీద ఒక్కతే ఐదు గోల్స్ కొట్టింది. 2017 జనవరి 4న ఫైనల్లో మనం 3-1తో గెలిచాం. గ్రేస్, సస్మిత, తమిళనాడు అమ్మాయి ఇందుమతి గోల్స్ చేశారు. కప్పు మన దగ్గరే ఉంది కాబట్టి ఆ 0-0 గురించి మన పత్రికల్లో పెద్దగా చర్చ జరగలేదు. జరగాల్సింది. ప్రత్యర్థి జట్టులో సగం మంది ఇంకా బడి పిల్లలే.

2019 మార్చిలో బిరాట్‌నగర్‌లో మనం ఐదోసారి గెలిచాం. సెమీస్‌లో బంగ్లాదేశ్‌పై 4-0, ఫైనల్లో నేపాల్‌పై 3-1. డాలిమా ఛిబ్బర్, గ్రేస్, అంజూ తమాంగ్ కొట్టిన ఆ మూడు గోల్స్‌తో సాఫ్ కప్పుల్లో మన అజేయ ప్రయాణం 23 మ్యాచ్‌లకు చేరింది.

ఆ తర్వాత కరోనా. కప్పుకు మూడేళ్ల విరామం. ఆ మూడేళ్లలో ఈ ప్రాంతపు మహిళల ఫుట్‌బాల్‌కు జరిగిన నష్టాల్లో అతి పెద్దది అఫ్ఘానిస్తాన్. 2010లో మొదటి కప్పుకు వచ్చిన ఆ జట్టు 2012లో పాకిస్తాన్‌ను ఓడించి సెమీస్ చేరింది. సిలిగురి వాళ్ల చివరి సాఫ్ కప్పు. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌లోకి వచ్చాక ఆ అమ్మాయిలు జెర్సీలు, ఫోటోలు దాచుకుని ప్రాణాలతో బయటపడాల్సి వచ్చింది. చాలామంది ఆస్ట్రేలియా చేరారు. 2025లో ఫిఫా వాళ్లకు శరణార్థుల జట్టుగా ఆడే అవకాశం ఇచ్చింది. దేశపు అధికారిక జట్టుగా మాత్రం కాదు.

పాకిస్తాన్‌ది వేరే రకం దురదృష్టం. 2014లో సొంతగడ్డ మీద కప్పు నిర్వహించిన దేశం, సమాఖ్య కార్యాలయం కోసం జరిగిన తగాదాల వల్ల, ఫిఫా రెండుసార్లు వేసిన వేటు వల్ల, ఎనిమిదేళ్లపాటు మహిళల జట్టును దించనే లేదు. ఒక ఫుట్‌బాలర్ ఆటజీవితంలో ఎనిమిదేళ్లంటే దాదాపు మొత్తం. 2022లో తిరిగొచ్చిన జట్టు మాల్దీవులను 7-0తో ఓడించింది. అందులో నాలుగు గోల్స్ ఇంగ్లండ్‌లో పుట్టిన నదియా ఖాన్‌వి.

మన సంగతి? 2022 జనవరిలో నవీ ముంబయిలో సొంతంగా నిర్వహిస్తున్న ఆసియా కప్పు మధ్యలో, జట్టులో కరోనా వ్యాపించి 13 మందిని కూడా దించలేక తప్పుకున్నాం. ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పాలన గొడవ వల్ల ఫిఫా దేశం మీద నిషేధం వేసింది. అది 15న మొదలై 26న తొలగింది. కానీ ఆ పన్నెండు రోజుల్లోనే గోకులం కేరళ అమ్మాయిలు ఆసియా క్లబ్ పోటీకని ఉజ్బెకిస్తాన్ దాకా వెళ్లి ఆడకుండా తిరిగొచ్చారు. నిషేధం పోయి రెండు వారాలైనా కాకముందే కాఠ్మాండులో సాఫ్ కప్పు. తాత్కాలిక కోచ్‌గా సురేన్ ఛెత్రీ జట్టును తీసుకెళ్లారు.

మనవాళ్లు మొదట పాకిస్తాన్‌ను 3-0తో ఓడించారు. ఆ మూడో గోల్ గుగులోత్ సౌమ్యది. నిజామాబాద్ జిల్లా లంబాడీ తండా నుంచి వచ్చిన ఈ అమ్మాయి పేరు తెలుగు పాఠకులకు ఇంకా బాగా తెలియాలి. క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడింది, 2025లో సమాఖ్య నుంచి ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి గుర్తింపు పొందింది. ఆ తర్వాత మాల్దీవులపై 9-0. మూడో మ్యాచ్ బంగ్లాదేశ్‌తో, 2022 సెప్టెంబరు 13న. బంగ్లాదేశ్ తరఫున స్వప్న రెండు గోల్స్, కృష్ణ ఒకటి. 3-0. సాఫ్ మహిళల కప్పు మొదలయ్యాక మనకిదే మొదటి ఓటమి. సెమీస్‌లో నేపాల్ 1-0తో మనల్ని ఇంటికి పంపింది. ఫైనల్లో భారత్ లేకపోవడం కూడా అదే మొదలు.

19వ తేదీన బంగ్లాదేశ్, నేపాల్ ఫైనల్‌కు దశరథ్ రంగశాల కిక్కిరిసిపోయింది. వాన వెలిసిన బురద మైదానం. స్టేడియమంతా నేపాల్ జెండాలే. బంగ్లాదేశ్ ప్రధాన ఫార్వర్డ్ స్వప్న గాయంతో ఆరంభంలోనే బయటికెళ్లింది. ఆమె స్థానంలో దిగిన చిన్న శంసున్నహార్ 14వ నిమిషంలో మొదటి గోల్ కొట్టింది. కల్సిందూర్ బడి మైదానం నుంచి వచ్చిన పిల్ల. కృష్ణ రెండు గోల్స్ చేసింది. నేపాల్ తరఫున అనితా బస్నేత్ ఒకటి. 3-1. టోర్నీ మొత్తంలో బంగ్లాదేశ్ 23 గోల్స్ కొట్టి, ఇచ్చుకున్నది ఆ ఒక్కటే. ఎనిమిది గోల్స్ చేసిన సబీనా ఉత్తమ క్రీడాకారిణి. ఉత్తమ గోల్‌కీపర్ రంగమాటి కొండపిల్ల రూప్నా చక్మా. ఆమె ఉంటున్న పూరిపాక ఫోటో ఆ వారం దేశమంతా చూసింది. ఇల్లు కట్టించమని అప్పటి ప్రధాని షేక్ హసీనా ఆదేశించారు.

ఫైనల్‌కు ముందు రోజు సంజీదా ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసింది. పైకప్పు లేని బస్సులో ఊరేగింపు మాకు లేకపోయినా ఫరవాలేదు, చులకన మాటలను పక్కనపెట్టి మమ్మల్ని మైదానం దాకా తెచ్చినవాళ్ల కోసం గెలవాలనుకుంటున్నాం అన్నది దాని సారాంశం. ప్రభుత్వ రవాణా సంస్థ రాత్రికి రాత్రి ఒక డబుల్ డెక్కర్ బస్సు పైకప్పు కోయించింది. సెప్టెంబరు 21న విమానాశ్రయం నుంచి మోతీఝీల్ దాకా ఢాకా రోడ్లు ఆ బస్సు చుట్టూ జనంతో నిండిపోయాయి. ఆరేళ్ల కిందట సర్వీసు బస్సులో తలవంచుకుని వెళ్లిన అమ్మాయిల్లో కొందరు అప్పుడు ఆ బస్సు పై అంతస్తులో నిలబడి ఉన్నారు.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది. కానీ మధ్య రోజులు మళ్లీ వచ్చాయి. ఊరేగింపు జరిగి ఏడాది తిరగకముందే, 2023లో, డబ్బు లేదని చెప్పి ఆ జట్టును ఒలింపిక్స్ అర్హత పోటీలకు మయన్మార్ పంపలేదు. మే నెలలో ఛోటన్ రాజీనామా చేశారు. స్వప్న ఇరవై రెండేళ్లకే ఆట వదిలేసింది. జీతాలు నెలల తరబడి అందలేదన్న వార్తలు వచ్చాయి. అయినా 2024 అక్టోబరు 30న అదే కాఠ్మాండులో, అదే నేపాల్ మీద, ఆ అమ్మాయిలు మళ్లీ గెలిచారు. మనికా చక్మా ఒక గోల్, 81వ నిమిషంలో ఋతుపర్ణా చక్మా మరో గోల్. 2-1. కొత్త కోచ్ పీటర్ బట్లర్‌తో పొసగక 2025 జనవరిలో 18 మంది సాధనకు రామన్నారు. అదే నెలలో జాయ్‌పూర్‌హాట్‌లో ఆడపిల్లల మ్యాచ్ జరగాల్సిన మైదానపు కంచెను ఒక గుంపు కూల్చేసింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం జట్టుకు ఏకుశే పదక్ పురస్కారం ఇచ్చింది. ఇవన్నీ రెండు నెలల వ్యవధిలో, ఒకే దేశంలో, ఒకే ఆట చుట్టూ.

నేపాల్ గురించి తక్కువ చెప్పానని తెలుసు. ఆ జట్టు అమ్మాయిల్లో చాలామంది పోలీసు, సాయుధ పోలీసు, సైన్యం జట్లలో ఉద్యోగులు. ఆ ఉద్యోగాల వల్లే ఆట నిలబడింది. లమ్‌జుంగ్ కొండల నుంచి వచ్చిన సాబిత్రా భండారీ ఇజ్రాయెల్, ఫ్రాన్స్ క్లబ్బుల దాకా వెళ్లింది. 2024 సెమీస్‌లో భారత్‌తో ఆట గోల్ వివాదం మీద గంటకు పైగా ఆగిపోయి మళ్లీ మొదలైతే, స్కోరు సమం చేసింది ఆమే. పెనాల్టీల్లో నేపాల్ గెలిచింది. ఫైనల్లో మళ్లీ ఓడింది. ఆరు ఫైనల్స్‌కు చేరిన జట్టును ఓడిన జట్టు అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఆసియా కప్పు అర్హత పోటీల్లో, 2025 జులై 2న యాంగోన్‌లో బంగ్లాదేశ్ మయన్మార్‌ను 2-1తో ఓడించింది. రెండు గోల్సూ ఋతుపర్ణవే. మూడు రోజుల తర్వాత చియాంగ్ మాయ్‌లో భారత్ థాయిలాండ్‌ను 2-1తో ఓడించింది. రెండు గోల్సూ బెంగాల్ అమ్మాయి సంగీతా బస్ఫోర్‌వే. బంగ్లాదేశ్ ఆసియా కప్పు చేరడం అదే మొదటిసారి. అర్హత పోటీలు ఆడి గెలిచి చేరడం మనకూ అదే మొదటిసారి. నేపాల్‌కు ఈసారీ ఆ అవకాశం అందలేదు.

వచ్చే భాగంలో మణిపూర్ వెళ్దాం. ఇంఫాల్‌కు తూర్పున ఆండ్రో అనే కుండలు చేసే ఊరుంది. అక్కడి తల్లులు తమ కూతుళ్ల కోసం ఒక ఫుట్‌బాల్ క్లబ్బును ఎలా నిలబెట్టారో చూద్దాం.